తాళంచెవి పెట్టెలో పెట్టకండి



ఈరోజు నేను మాట్లాడబోయేది ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న పిల్లల కోసం. ప్రోగ్రాములతో మాకేం పని అనుకునే పెద్దవాళ్లు కూడా కాస్త వినండి. ఎందుకంటే ఆ ప్రోగ్రాముల్లోకి వెళ్లేవి మీ పేర్లు, మీ ఆధార్ నంబర్లు, మీ అప్పుల లెక్కలు.

విషయం ఇదీ. ప్రోగ్రాము తన దగ్గరున్న సమాచారాన్ని ఒక ఫైలులో దాచుకోవాలి. మళ్లీ కావాలన్నప్పుడు అందులోంచి తీసుకోవాలి. ఆ ఫైలు పరాయివాళ్ల చేతికి చిక్కినా వాళ్లు చదవలేకపోవాలి. అలా చదవలేని రూపంలోకి మార్చడాన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు. ఇది సరిగ్గా చెయ్యడం ఎలా?

ముందుగానే రెండు మాటలు చెబుతాను. ఒకటి, తాళంచెవిని పెట్టెలోనే పెట్టకండి. రెండు, సీలు చూడకుండా తెరవకండి. ఈ ప్రసంగమంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది. మళ్లీ మళ్లీ చెబుతాను.

ఒక ఊరు అనుకుందాం. ఆ ఊళ్లో 12 మంది ఆడవాళ్ల పొదుపు సంఘం ఉంది. వాడుకలో డ్వాక్రా సంఘం అంటాం, అదే. నెలనెలా పొదుపు కడతారు. సంఘం డబ్బులోంచి అప్పు తీసుకుంటారు. బ్యాంకు లోను వాయిదాలు కడతారు. లెక్కలన్నీ పుస్తకాల్లో ఉంటాయి. సంఘం లీడరుగారి అమ్మాయి డిగ్రీ చదువుతోంది. కాలేజీలో పైథాన్ నేర్చుకుంది. "అమ్మా, మీ లెక్కలకి నేను ప్రోగ్రాము రాసిపెడతాను" అంది. రాసింది. బాగా రాసింది. పేరు కొడితే చాలు, ఆ సభ్యురాలి పొదుపు ఎంత, అప్పు ఎంత, ఈ నెల వడ్డీ ఎంత, అన్నీ తెరమీద కనిపిస్తాయి.

ఇలాంటి పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఎవరూ అడక్కుండానే ఇంటికీ ఊరికీ పనికొచ్చేది చేసిపెడతారు. వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. ఆ గౌరవంతోనే ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను.

ఇప్పుడు ఆ ప్రోగ్రాము లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ లెక్కలు కంప్యూటరు మెమరీలో ఉంటాయి. కరెంటు పోతే మెమరీలోవన్నీ పోతాయి. అందుకే వాటిని ఫైలులో రాసిపెట్టాలి. అదే సేవ్ చెయ్యడం. రేపు ప్రోగ్రాము తెరిచినప్పుడు ఆ ఫైలు చదివి లెక్కల్ని మళ్లీ మెమరీలోకి తెచ్చుకోవాలి. అదే లోడ్ చెయ్యడం. మన అమ్మాయి కూడా అదే చేసింది. జేసన్ అనే పద్ధతిలో ఫైలు రాసింది. చాలామంది మొదట నేర్చుకునేది అదే. అందులో తప్పులేదు.

కానీ ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. ఎవరు ఎంత బాకీ ఉన్నారో తెలుస్తుంది. ఎవరి బ్యాంకు ఖాతా నంబరు ఏదో తెలుస్తుంది. ఆధార్ నంబర్లూ వరుసగా కనిపిస్తాయి. "నా ప్రోగ్రాము తెరవగానే పాస్‌వర్డ్ అడుగుతుందండీ" అంటుంది ఆ అమ్మాయి. అడుగుతుంది, నిజమే. కానీ ఫైలు అడగదు. ప్రోగ్రాము జోలికే వెళ్లకుండా, పెన్‌డ్రైవ్‌లో ఆ ఫైలు ఒక్కటీ కాపీ చేసుకుపోతే చాలు. ఈ తేడా బాగా గుర్తుంచుకోండి. తెరమీద పాస్‌వర్డ్ అడగడం వేరు. ఫైలుకు తాళం వెయ్యడం వేరు.

ఫైలుకు తాళం వేశామనుకుని చాలామంది మోసపోతారు. కొందరు ఫైలు పేరు చివరి అక్షరాలు మారుస్తారు. లోపలి సంగతి అలాగే ఉంటుంది. కొందరు బేస్64 అనే పద్ధతి వాడతారు. దాంతో రాస్తే పిచ్చి అక్షరాల్లా కనిపిస్తుంది. కానీ అది తాళం కాదు. ప్రతి 3 బైట్లనూ 4 అక్షరాలుగా మార్చి రాసే పద్ధతి, అంతే. దానికి తాళంచెవే లేదు. కాబట్టి ఎవరైనా వెనక్కి మార్చేసుకోవచ్చు. ఇంకొందరు పికిల్ అనే పైథాన్ పద్ధతిలో సేవ్ చేస్తారు. అదీ చూడటానికి అర్థంకాని ఫైలే. అదీ తాళం కాదు. పైగా ప్రమాదం కూడా. ఆ ఫైలును ఎవరైనా మార్చి పెడితే, మీరు లోడ్ చేసిన క్షణంలో వాళ్లు పెట్టిన ఆదేశాలు మీ కంప్యూటర్లో నడుస్తాయి. నమ్మకం లేని పికిల్ ఫైలును ఎప్పుడూ తెరవొద్దని పైథాన్ తయారుచేసినవాళ్లే హెచ్చరించారు.

ఇక తెలివైన పిల్లలు కొందరు సొంతంగా తాళం కనిపెడతారు. ఒక్కో అక్షరాన్నీ కొన్ని స్థానాలు ముందుకు జరుపుతారు. "ఈ కిటుకు నాకు తప్ప ఎవరికీ తెలీదు కదా" అంటారు. కానీ 1883లోనే ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ అనే ఆయన సైనిక రహస్య లిపుల మీద ఒక వ్యాసం రాశాడు. తాళం ఎలా పనిచేస్తుందో శత్రువుకి తెలిసిపోయినా మనకు నష్టం రాకూడదన్నాడు. రహస్యంగా ఉండాల్సింది తాళంచెవి ఒక్కటే. 140 ఏళ్లు దాటినా ఇప్పటికీ ఈ రంగంలో అందరూ పాటించే సూత్రం అదే. ఇంగ్లీషు అక్షరాల్ని జరిపే లిపిని తెరవడానికి 25 సార్లు ప్రయత్నిస్తే చాలు. కాగితమూ పెన్సిలూ ఉంటే స్కూలు పిల్లాడు కూడా తెరిచేస్తాడు.

మరి అసలైన తాళం ఎక్కడుంది? తయారుగా ఉంది. ఉచితంగా ఉంది. దాని పేరు ఏఈఎస్. బెల్జియం దేశపు శాస్త్రవేత్తలు యోన్ డామన్, విన్సెంట్ రైమన్ దాన్ని తయారుచేశారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1997లో ఒక బహిరంగ పోటీ మొదలుపెట్టింది. ప్రపంచం నలుమూలల నుంచీ నిపుణులు తమ తాళాలు పంపారు. ఒకరి తాళాన్ని ఇంకొకరు విరగ్గొట్టడానికి చూశారు. అన్ని పరీక్షలకూ నిలిచిన తాళాన్ని 2001లో ప్రమాణంగా ప్రకటించారు. అదెలా పనిచేస్తుందో ఎవరైనా చదువుకోవచ్చు. దాచిందేమీ లేదు.

అంతకుముందు 1977 నుంచి డీఈఎస్ అనే తాళం ఉండేది. దాని తాళంచెవి 56 బిట్లు. 1998లో అమెరికాలో ఒక సంస్థ ప్రత్యేకంగా యంత్రం కట్టి, 56 గంటల్లో ఆ తాళాన్ని తెరిచి చూపించింది. ఏఈఎస్‌లో అతి చిన్న తాళంచెవే 128 బిట్లు. అంటే ఎన్ని రకాల తాళంచెవులు సాధ్యమో తెలుసా? 34 రాసి, దాని పక్కన 37 సున్నాలు పెట్టాలి. సెకనుకు లక్ష కోట్ల తాళంచెవులు ప్రయత్నించినా, ఈ విశ్వం పుట్టి గడిచిన 1,380 కోట్ల సంవత్సరాల కాలం కూడా వాటన్నిటికీ చాలదు.

కాబట్టి తాళం గురించి బెంగ అక్కర్లేదు. దాన్ని మనం తయారుచెయ్యక్కర్లేదు. తయారుచెయ్యకూడదు కూడా. మన పని ఆ తాళాన్ని సరిగ్గా వాడటం. సరిగ్గా వాడటం ఎలాగో చెప్పడానికి, మీరంతా ఎరిగిన ఒక సంగతి గుర్తుచేస్తాను.

పదో తరగతి పరీక్షలప్పుడు ప్రశ్నపత్రాలు ముందుగానే వస్తాయి. పోలీస్ స్టేషన్లో పెట్టెల్లో పెట్టి భద్రం చేస్తారు. పెట్టెకు తాళం ఉంటుంది. లోపలి కట్టలకు సీలు ఉంటుంది. తాళంచెవి బాధ్యతగల అధికారి దగ్గర ఉంటుంది. పెట్టెకు వేలాడదీసి వెళ్లరు. పరీక్ష రోజు పొద్దున తెరిచేముందు సీలు సరిగ్గా ఉందో లేదో చూస్తారు. సీలు చెదిరి ఉంటే ఆ కట్టను పిల్లలకు పంచరు. తాళం దొంగచూపును ఆపుతుంది. సీలు దొంగచేతిని పట్టిస్తుంది. రెండూ కావాలి. మన ఫైలుకూ రెండూ కావాలి.

ముందు తాళంచెవి సంగతి చూద్దాం.

మన సంఘం అమ్మాయి ఈసారి జాగ్రత్తపడింది అనుకోండి. ఏఈఎస్ తాళమే వేసింది. కానీ తాళంచెవిని ప్రోగ్రాములోనే ఒక వరుసలో రాసేసింది. లేదా ఫైలు ఉన్న ఫోల్డర్లోనే ఇంకో చిన్న ఫైలుగా పెట్టింది. ఇది చాలా ఎక్కువగా జరిగే తప్పు. ఫోల్డరు కాపీ చేసుకుపోయినవాడికి పెట్టే దొరికింది, తాళంచెవీ దొరికింది. "ప్రోగ్రామును ఈఎక్స్‌ఈ ఫైలుగా మార్చేశానండీ, లోపలిది కనపడదు" అంటారు. కనపడుతుంది. అందులోని అక్షరాల్ని బయటికి తీసే పరికరాలు ఉచితంగా దొరుకుతాయి. అదే ప్రోగ్రామును స్నేహితులకు చూపిద్దామని, ప్రోగ్రాములు పదిమందికీ కనిపించేలా పెట్టే గిట్‌హబ్‌లో పెడితే ఇంక చెప్పేదేముంది? తాళంచెవి లోకమంతటికీ తెలిసిపోయినట్టే. తర్వాత ఆ వరుస తీసేసినా పాత ప్రతుల చరిత్రలో మిగిలే ఉంటుంది.

మళ్లీ చెబుతున్నాను. తాళంచెవిని పెట్టెలోనే పెట్టకండి.

మరి ఎక్కడ పెట్టాలి? మనిషి తలలో. అంటే ప్రోగ్రాము తెరిచినప్పుడల్లా పాస్‌వర్డ్ అడగాలి. ఆ పాస్‌వర్డ్ నుంచి తాళంచెవిని అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి. పని అవగానే వదిలెయ్యాలి. తాళంచెవి డిస్కు మీద ఎక్కడా ఉండదు.

పాస్‌వర్డ్ చిన్నది. తాళంచెవి పెద్ద సంఖ్య. చిన్నదాంట్లోంచి పెద్దది ఎలా వస్తుంది? అందుకు పద్ధతులున్నాయి. ఒకదాని పేరు పీబీకేడీఎఫ్2. ఇంకొకటి ఎస్‌క్రిప్ట్. మరొకటి ఆర్గాన్2. 2015లో ముగిసిన అంతర్జాతీయ పోటీలో ఆర్గాన్2 గెలిచింది. ఇవన్నీ కావాలనే నెమ్మదిగా పనిచేస్తాయి. పాస్‌వర్డును తీసుకుని మళ్లీ మళ్లీ కలిపి తిప్పుతాయి. ఎందుకంత శ్రమ? మీకు తెరవడానికి అర సెకను పడితే మీకేం కష్టం లేదు. దొంగ మాత్రం ఒక్కో పాస్‌వర్డు ఊహకూ అంత పనీ చేసి తీరాలి. 2000 సంవత్సరంలో పీబీకేడీఎఫ్2ను ప్రకటించినప్పుడు కనీసం 1,000 సార్లు తిప్పమన్నారు. కంప్యూటర్ల వేగం పెరిగింది. ఇప్పుడు ఓవాస్ప్ అనే భద్రతా నిపుణుల సంస్థ, షా-256 అనే లెక్కింపు పద్ధతితో కలిపి వాడేటప్పుడు 6,00,000 సార్లు తిప్పమంటోంది.

ఇందులో ఇంకో వస్తువు కలవాలి. దాన్ని సాల్ట్ అంటారు. సాల్ట్ అంటే ఎవరూ ముందుగా ఊహించలేని 16 బైట్ల సంఖ్య. ఫైలు తయారుచేసేటప్పుడు కొత్తగా పుట్టించాలి. పక్క ఊరి సంఘం కూడా ఇదే ప్రోగ్రాము వాడుతూ ఇదే పాస్‌వర్డ్ పెట్టుకుందనుకోండి. సాల్టులు వేరు కాబట్టి తాళంచెవులూ వేరవుతాయి. సాల్ట్ రహస్యం కాదు. ఫైలు మొదట్లోనే మామూలుగా రాసిపెట్టాలి. ఎవరైనా దాన్ని మారిస్తే తప్పుడు తాళంచెవి వస్తుంది, ఫైలు తెరుచుకోదు. అంతే తప్ప రహస్యం బయటపడదు.

ఇక పాస్‌వర్డ్. పెద్దవాళ్లూ, ఇది మీకు. ఈ-ఆధార్ పీడీఎఫ్ ఎలా తెరుస్తారో మీకు తెలుసు. మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, తర్వాత మీరు పుట్టిన సంవత్సరం. మీ పేరు తెలిసిన మనిషికి మిగిలేది పుట్టిన సంవత్సరం ఒక్కటే. మహా అయితే వందసార్లు ప్రయత్నిస్తే తెరుచుకుంటుంది. కాబట్టి నెట్ సెంటర్లో ఆ పీడీఎఫ్ తీసుకున్నాక అక్కడి కంప్యూటర్లోంచి తీసేయించి మరీ బయటికి రండి. పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమాగా వదిలెయ్యకండి.

మన సంఘం ఫైలుకు ఇలాంటి పాస్‌వర్డ్ పనికిరాదు. నాలుగంకెల పిన్ కూడా పనికిరాదు. నాలుగంకెలతో 10,000 రకాలే వస్తాయి. ఒక్కోదానికి అర సెకను పట్టినా గంటన్నరలోపే అన్నీ అయిపోతాయి. మరేం పెట్టాలి? ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదారు మాటలు. చీటీలు రాసి, కలిపి తీసినట్టు ఉండాలి. సామెతలు వద్దు. సినిమా పాటల పల్లవులు వద్దు. పిల్లల పేర్లు వద్దు. అవన్నీ ఊహించేవాళ్లకీ తెలుసు.

ఇక్కడే కొత్త సంఖ్యల గురించి ఒక హెచ్చరిక. సాల్ట్ పుట్టించడానికి పైథాన్‌లో రాండమ్ అనే భాగం వాడొద్దు. అది ఆటలకూ లెక్కలకూ మంచిదే. రహస్యాలకు పనికిరాదు. దాని నుంచి వరసగా 624 సంఖ్యలు చూస్తే తర్వాతివి చెప్పెయ్యొచ్చు. దాని బదులు సీక్రెట్స్ అనే భాగం ఉంది. అది వాడండి. ఇది చిన్న విషయం కాదు. డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2006లో, తాళంచెవులు పుట్టించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాములోంచి ఒకటి రెండు వరుసలు తీసేశారు. దాంతో లెక్కలేనన్ని తాళంచెవులు పుట్టాల్సిన చోట, ఒక్కో రకంలో 32,768 మాత్రమే పుట్టాయి. 2008 మే నెలలో ఆ లోపం బయటపడేదాకా ఎన్నో సర్వర్లు వాటితోనే నడిచాయి. ఆ తాళంలో లోపమేమీ లేదు. తాళంచెవులే ఊహకు అందేలా పుట్టాయి.

తాళం వేసే ప్రతిసారీ కూడా ఒక కొత్త సంఖ్య కలవాలి. లేకపోతే ఒకే మాటకు ప్రతిసారీ ఒకే రూపం వస్తుంది. 2013లో అడోబీ సంస్థ నుంచి కోట్లాది ఖాతాల వివరాలు బయటికి పోయాయి. అందులో పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ చేసే ఉన్నాయి. కానీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న అందరికీ ఒకే రూపం పడింది. పక్కనే ఎవరికి వాళ్లు రాసుకున్న సూచనలు తాళం లేకుండా ఉన్నాయి. ఒకరి సూచన చదివితే అదే రూపం ఉన్న మిగతా అందరి పాస్‌వర్డూ తెలిసిపోయింది. తాళంచెవి దొరక్కుండానే రహస్యం బయటపడింది.

ఇప్పుడు సీలు సంగతికి వద్దాం. చాలామంది వదిలేసేది ఇదే.

ఫైలును చదవలేనివాడు దాన్ని మార్చగలడా? మార్చగలడు. ఇది వినడానికి వింతగా ఉంటుంది. జాగ్రత్తగా వినండి. ఏఈఎస్‌ను వాడే పద్ధతుల్లో ఒకదాని పేరు కౌంటర్ మోడ్. అందులో తాళం వేసిన ఫైలులో ఒక్క బిట్టు తిప్పితే, తెరిచినప్పుడు సరిగ్గా అదే చోట ఒక్క బిట్టు తిరగబడి ఉంటుంది. కంప్యూటర్లో 1 అనే అంకె గుర్తుకూ 9 అనే అంకె గుర్తుకూ తేడా ఒక్క బిట్టే. ఒక సభ్యురాలి బాకీ 1,000 రూపాయలు. ఆ అంకె ఫైలులో ఎక్కడుందో తెలిసినవాడు అక్కడ ఒక్క బిట్టు తిప్పాడనుకోండి. తాళంచెవి వాడి దగ్గర లేదు. ఫైలులో ఏముందో వాడు చదవనూ లేదు. అయినా రేపు ప్రోగ్రాము తెరిస్తే ఆమె బాకీ 9,000 అని చూపిస్తుంది. ప్రోగ్రాముకు అనుమానం రాదు. ఆమె మాత్రం అందరి ముందూ తలెత్తుకోలేక నిలబడుతుంది.

అందుకే సీలు. సీలు అంటే ఫైలు మొత్తాన్నీ తాళంచెవితో కలిపి లెక్కగట్టిన ఒక చిన్న గుర్తు. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ గుర్తు సరిపోదు. తాళంచెవి లేనివాడు కొత్త సీలు వెయ్యలేడు. ఏఈఎస్‌ను జీసీఎం అనే పద్ధతిలో వాడితే తాళమూ సీలూ ఒకేసారి పడతాయి. పైథాన్ నేర్చుకునే పిల్లలకు ఇంకా సులువైన దారి ఉంది. క్రిప్టోగ్రఫీ అనే లైబ్రరీలో ఫెర్నెట్ అని ఒకటుంది. దాని తాళంచెవి 32 బైట్లు. అందులో 16 బైట్లు తాళానికి, 16 బైట్లు సీలుకు. తాళం వేసేటప్పుడు కొత్త సంఖ్యను అదే పుట్టించుకుంటుంది. తెరిచేటప్పుడు సీలు అదే చూస్తుంది. పాస్‌వర్డ్, సాల్ట్ మాత్రం మీరు చూసుకోవాలి. సంఘం లెక్కల్లాంటి చిన్న ఫైళ్లకు ఇది చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు లోడ్ చెయ్యడం ఎలాగో వరసగా చూద్దాం. ప్రోగ్రాము ఫైలు తెరుస్తుంది. మొదట్లో ఉన్న సాల్టూ, ఎన్నిసార్లు తిప్పాలన్న లెక్కా చదువుతుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది. తాళంచెవి తయారుచేస్తుంది. ఆ తర్వాత సీలు చూస్తుంది. సీలు సరిపోతేనే తాళం తీస్తుంది. సీలు సరిపోకపోతే అక్కడే ఆగిపోవాలి. "పాస్‌వర్డ్ తప్పు, లేదా ఫైలు చెడింది" అని చెప్పాలి. ఈ రెండింటిలో ఏది జరిగిందో ప్రోగ్రాముకూ తెలీదు. కాబట్టి రెండూ చెప్పడమే నిజాయితీ.

ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం ఉంది. కొన్ని ప్రోగ్రాములు ఫైలు తెరుచుకోకపోతే ఖాళీ లెక్కలతో మొదలుపెడతాయి. మూసేటప్పుడు ఆ ఖాళీ లెక్కల్నే పాత ఫైలు మీద సేవ్ చేస్తాయి. పాస్‌వర్డులో ఒక్క అక్షరం తప్పు కొట్టినందుకు సంఘం మూడేళ్ల లెక్కలు తుడిచిపెట్టుకుపోతాయి. దయచేసి ఇలా రాయకండి. తెరుచుకోని ఫైలును ముట్టుకోవద్దు. మళ్లీ పాస్‌వర్డ్ అడగండి, లేదా ఆగిపోండి.

మళ్లీ చెబుతున్నాను. సీలు చూడకుండా తెరవకండి. సీలు సరిపోకపోతే ముందుకు వెళ్లకండి.

సేవ్ చెయ్యడంలోనూ ఒక పద్ధతి ఉంది. పాత ఫైలు మీదే నేరుగా రాయకూడదు. సగం రాసేసరికి కరెంటు పోయిందనుకోండి. పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. మామూలు ఫైలైతే సగమైనా చదువుకోవచ్చు. తాళం వేసిన ఫైలైతే సీలు సరిపోదు కాబట్టి మొత్తం పోయినట్టే. అందుకే ముందు పక్కన వేరే పేరుతో కొత్త ఫైలు రాయాలి. అది డిస్కు మీదికి పూర్తిగా చేరిందని చూసుకోవాలి. ఆ తర్వాత దాన్ని పాత ఫైలు పేరులోకి మార్చాలి. పైథాన్‌లో దీనికి ఓఎస్ రీప్లేస్ అనే ఆజ్ఞ ఉంది. ఆ పేరు మారడం ఒక్క దెబ్బలో జరిగిపోతుంది. ఏ క్షణంలో కరెంటు పోయినా, పాతదో కొత్తదో ఒకటి పూర్తిగా మిగులుతుంది. ఇంకో సంగతి. ఆ పక్క ఫైలులోకి తాళం వేశాక మాత్రమే రాయాలి. ముందు మామూలుగా రాసి, తర్వాత తాళం వేసి, మామూలుదాన్ని తుడిచేద్దాం అనుకోవద్దు. తుడిచినదాన్ని మళ్లీ తియ్యగల పరికరాలున్నాయి.

పాస్‌వర్డ్ మర్చిపోతే? ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. తాళం సరిగ్గా వేసిన ఫైలుకు దొడ్డిదారి లేదు. రాసిన అమ్మాయి కూడా తెరవలేదు. ఎంత పెద్ద కంపెనీ అయినా తెరవలేదు. అందుకే మొదటిరోజే ఏర్పాటు చేసుకోవాలి. పాస్‌వర్డును కాగితం మీద రాయండి. కవర్లో పెట్టి అంటించండి. మీద ఇద్దరు సంతకం చెయ్యండి. ఆ కవరు కంప్యూటరు ఉన్న ఇంట్లో ఉండకూడదు. లీడరుగారి దగ్గర కంప్యూటరు ఉంటే, రెండో లీడరుగారి ఇంట్లో కవరు ఉండాలి. చూశారా, ఇక్కడా అదే మాట. తాళంచెవి పెట్టెతోపాటు ఉండకూడదు. నెలకోసారి ఫైలు కాపీ ఒకటి వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. అప్పుడప్పుడు ఆ కాపీని తెరిచి కూడా చూడండి. తెరిచి చూడని కాపీని నమ్ముకోవద్దు.

ఈ తాళం అన్నిటినీ ఆపుతుందా అంటే, ఆపదు. ప్రోగ్రాము తెరిచి ఉన్నంతసేపూ లెక్కలు మెమరీలో మామూలుగానే ఉంటాయి. కంప్యూటర్లో వైరస్ ఉంటే, మీరు కొట్టే పాస్‌వర్డును అది చూడగలదు. తెరిచిపెట్టి టీ తాగడానికి వెళితే పక్కవాళ్లు చదవగలరు. పోయిన పెన్‌డ్రైవ్‌నీ, రిపేరుకు ఇచ్చిన కంప్యూటరునీ, కాపీ చేసుకుపోయిన ఫైలునీ ఈ తాళం కాపాడుతుంది. మనలాంటివాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే ఆపదలు అవే కాబట్టి, ఇది చాలా పెద్ద రక్షణ.

ఉద్యోగాల్లో ప్రోగ్రాములు రాసే శ్రోతలకు కూడా ఒక మాట. మన దేశంలో 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. జనం సమాచారానికి తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకూ జరిమానా వెయ్యొచ్చని ఆ చట్టం చెబుతోంది. డిగ్రీ చదివే అమ్మాయి అమ్మ కోసం శ్రద్ధగా చెయ్యగలిగిన పని, జీతం తీసుకుని చేసేవాళ్లు చెయ్యకపోతే ఎలా?

పిల్లలూ, చివరగా మీకో పరీక్ష. ఈ వారమే చెయ్యండి. మీ ప్రోగ్రాములో ఉత్తుత్తి పేర్లు నాలుగు ఎక్కించి సేవ్ చెయ్యండి. ఆ ఫైలుకు రెండు కాపీలు తియ్యండి. మొదటి కాపీని వేరే కంప్యూటర్లోకి తీసుకెళ్లండి. మీ ఫోల్డరంతా కూడా వెంట తీసుకెళ్లండి. పాస్‌వర్డ్ కొట్టకుండా తెరవడానికి మీరే దొంగలా ప్రయత్నించండి. తెరుచుకుందంటే తాళంచెవి పెట్టెలో ఉన్నట్టే. రెండో కాపీలో, సాల్ట్ దాటాక, మధ్యలో ఒక్క అక్షరం మార్చండి. సరైన పాస్‌వర్డుతోనే లోడ్ చెయ్యండి. మీ ప్రోగ్రాము ఆగిపోయి "పాస్‌వర్డ్ తప్పు, లేదా ఫైలు చెడింది" అనాలి. అలా కాకుండా లెక్కలు చూపించిందంటే, సీలు చూడటం లేదన్నమాట.

తాళంచెవిని పెట్టెలో పెట్టకండి. సీలు చూడకుండా తెరవకండి. ఈ రెండు పరీక్షలూ నెగ్గాక, అప్పుడు అందులో అమ్మ పేరూ, సంఘంలో అందరి పేర్లూ ఎక్కించండి.